గీత ఎవరి ఇంటి మీద పడుతుంది?

హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో మూసీ నది గురించి సభలు జరగడం కొత్త కాదు. ఆ మధ్య అలాంటి సభ ఒకటి ముగిశాక, జనమంతా వెళ్లిపోయినా ఇద్దరు మాత్రం మెట్ల దగ్గరే నిలబడి వాదించుకున్నారు. ఒకాయన నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజనీరు, ఉండేది అశోక్‌నగర్. ఇంకొకరు నాలా పక్క ఇళ్ల కేసులు చూసే వకీలు, నారాయణగూడ ఆవిడ. హుస్సేన్‌సాగర్ మత్తడి దూకిన నీళ్లు ఆ నాలాలోనే వాళ్ల పేటల వైపుగా పారి గోల్నాక దగ్గర మూసీలో కలుస్తాయి. పేర్లు రాయొద్దన్నారు, రాయను. వాళ్లు మాట్లాడుతుండగా నేను అడ్డు తగల్లేదు. నా మాట చివర్లో ఉంది.

వకీలు: సార్, ఇంతసేపు సభలో నాకు వినబడింది ఒకటే మాట, మోడల్. వాటర్‌షెడ్ మోడల్, వరద మోడల్, నీటి నాణ్యత మోడల్. 2000 ఆగస్టులో ఈ నాలా పొంగి దోమల్‌గూడ, అశోక్‌నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. తర్వాత కన్సల్టెంట్లు వచ్చారు. 2003లో కిర్లోస్కర్ రిపోర్టు వచ్చింది. 2020 అక్టోబర్‌లో ఊరు మళ్లీ మునిగింది. నీళ్లు ఏ గల్లీలోకి ముందు వస్తాయో మా ఇస్త్రీ బండి ఆయన చెప్తాడు. తెలిసిన సంగతికి ఇంకో పదేళ్ల పరిశోధన ఎందుకు?

ఇంజనీరు: ఏ గల్లీలోకి వస్తాయో ఆయన చెప్తాడు, ఒప్పుకుంటా. ఎన్ని నీళ్లు, ఎన్ని గంటలకు, ఎవరి భూమి మీద పడి వచ్చాయి అంటే ఆయనా చెప్పలేడు, నేనూ చెప్పలేను. చిన్న లెక్క వేద్దామమ్మా. 2000 ఆగస్టు 24 నాటి వాన బేగంపేటలో ఒక్క రోజుకు 24 సెంటీమీటర్లు. హుస్సేన్‌సాగర్ క్యాచ్‌మెంటు, అంటే దాంట్లోకి నీళ్లు పారే ప్రాంతం, 240 చదరపు కిలోమీటర్లు. అంతటా అదే వాన పడిందనుకోండి, రెండు టీఎంసీలు! గండిపేట, అదే ఉస్మాన్‌సాగర్, నిండుగా ఉంటే 3.9 టీఎంసీలు. అందులో సగానికి పైగా నీళ్లు ఒక్క రోజులో మీద పడ్డట్టు. వాటిలో ఎన్ని ఇంకాయి, ఎన్ని పారాయి, పారినవి కూకట్‌పల్లి నాలా నుంచి చెరువులోకి రావడానికి ఎంతసేపు పట్టింది, మత్తడి మీద ఎంత ఎత్తున దూకాయి. మోడల్ అంటే ఈ లెక్కే. వేరే మంత్రమేమీ లేదు.

వకీలు: లెక్కైతే కాగితం మీదే అవుతుంది కదా. ఆ కాలపు ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారికి కంప్యూటరు ఉందా? 1908 సెప్టెంబర్ 28న మూసీ వచ్చి పదిహేను వేల మందిని తీసుకుపోయిందంటారు. 1909లో ఆయన్ని పిలిపించారు. 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ తయారు. పంతొమ్మిదేళ్లలో రెండు జలాశయాలు లేచాయి. ఇప్పుడు పంతొమ్మిదేళ్లలో ఏం లేస్తాయో మీకు తెలుసు, రిపోర్టుల దొంతర్లు.

ఇంజనీరు: ఆయన చేసిందే మోడల్! కట్ట ఎక్కడ కట్టాలని ఆయన మొదలుపెట్టలేదు. నీళ్లు ఎక్కడివని అడిగాడు. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, అంటే 32 సెంటీమీటర్లకు పైన పడిందని తీశాడు. మూసీ పైన దాదాపు 860 చదరపు మైళ్ల క్యాచ్‌మెంటులో 788 చెరువులున్నాయని లెక్కపెట్టాడు, సుమారు చదరపు మైలుకొక చెరువు. అందులో 221 తెగిపోయాయి. పై చెరువు తెగితే ఆ నీళ్లు కింది చెరువును తెంపుతాయి, ఆ రెండూ కలిసి మూడోదాన్ని. నగరం దగ్గర వరద గరిష్ఠంగా నాలుగు లక్షల పాతిక వేల క్యూసెక్కులని అంచనా కట్టాడు. అప్పుడు గదా జలాశయం ఎంత ఉండాలో తేలింది! ఆ గొలుసు తెగే గుణం ఈ రోజుకీ పోలేదు. 2020 అక్టోబర్‌లో పాతబస్తీ మునిగింది వాన ఒక్కదానితోనే కాదు, పల్లె చెరువు కట్ట తెగింది, నాలుగైదు రోజులకే బాలాపూర్ వైపు గుర్రం చెరువు కట్ట తెగింది. విశ్వేశ్వరయ్య పట్టిక మనం మర్చిపోయాం, నీళ్లు మర్చిపోలేదు.

వకీలు: సరే, ఆయన స్వయంగా తిరిగి లెక్కపెట్టాడు. ఇప్పటి పిల్లలు టెక్సస్‌లో తయారైన సాఫ్ట్‌వేర్ దించుకుని ఏసీ గదిలో నొక్కుతున్నారు. సభలో ఒకరు నేలకు నెంబర్లు వేస్తామన్నారు. అదేంటి?

ఇంజనీరు: కర్వ్ నెంబరు. 1950లలో అమెరికా భూసార పరిరక్షణ శాఖవాళ్లు తెచ్చిన పద్ధతి. నేల ఎన్ని నీళ్లు పారనిస్తుందో వందలోపు ఒక నెంబరు. మంచి అడవికి యాభై ఐదు దగ్గర ఉండొచ్చు, సిమెంటుకి తొంభై ఎనిమిది. మియాపూర్, నిజాంపేట పొలాలు అపార్ట్‌మెంట్లయితే నెంబరు అరవైల నుంచి తొంభైలకు ఎక్కుతుంది. వాన అదే, వరద వేరు.

వకీలు: ఆ నెంబర్లు అక్కడి చిన్న చిన్న పొలాల మీద కొలిచినవేగా? అక్కడి నేల వేరు, ఇక్కడి రాతి భూమి వేరు. పైగా మన నాలాలో నీళ్లొక్కటే పారతాయా? పరుపులు, థర్మకోల్, కూల్చిన ఇళ్ల మట్టి. కింద మురుగునీటి లైన్లు. మీ మోడల్‌లో పరుపుకి ఏ నెంబరు?

ఇంజనీరు: (నవ్వి) పరుపుకి నెంబరు లేదు గానీ పరుపులు అడ్డుపడి ఇరుకైన నాలాకి ఉంది. గరుకుదనం, అడ్డుకోత రెండూ మారుస్తాం. అసలు ప్రశ్న మీరు అడిగిందే. పరాయి నెంబరు తెచ్చి అలాగే వాడితే అది జోస్యం. ఇక్కడి వానతో, ఇక్కడి నాలాలో కొలిచిన ప్రవాహంతో పోల్చి సరిచేయాలి. దాన్నే క్యాలిబ్రేషన్ అంటారు. సరిచేశాక, సరిచేయడానికి వాడని ఇంకో వాన తీసుకుని పరీక్ష పెట్టాలి. 2000 వానతో సరిచేసి, 2020 వరదను సరిగ్గా చెప్పిందా అని చూడాలి. వాన కొలిచే ఆటోమేటిక్ స్టేషన్లు ఈ నగరంలో ఇప్పుడు వార్డు వార్డుకీ ఉన్నట్టే, పదిహేను నిమిషాల వాన కూడా తెలుస్తుంది. నాలాలో మట్టం కొలవడం మాత్రం వానంత జోరుగా సాగట్లేదు. మోడల్ మీద నా కోపం కూడా అక్కడే. ఒక చివర బంగారు త్రాసు, రెండో చివర కంటి అంచనా.

వకీలు: అదే నేనూ అంటున్నా. దాన్ని పట్టుకుని కోర్టుకొస్తారు మీవాళ్లు.

ఇంజనీరు: వస్తారు. ఆ సంగతి వస్తుంది, ఆగండి. ముందు వాతావరణం సంగతి. మా రోజుల్లో పాత వానల పట్టిక తీసి, ఇది పాతికేళ్ల వాన, ఇది నూరేళ్ల వాన అని గీసేవాళ్లం. రేపటి ఆకాశం నిన్నటి ఆకాశంలాగే ఉంటుందని నమ్మి చేసిన పని అది. ఇప్పుడు ఆ నమ్మకం చెల్లదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. కొంతకాలం దాచుకుని ఒక్కసారి కుమ్మరిస్తుంది. బేగంపేటలో అక్టోబర్ నెల ఒక్కరోజు వాన రికార్డు 1903 నాటిది, 11.7 సెంటీమీటర్లు. నూట పదిహేడేళ్లు నిలిచింది. 2020లో 19 సెంటీమీటర్లు దాటి పోయింది. ఘట్‌కేసర్ వైపు 32. ఒక్క వానను చూపించి వాతావరణ మార్పు అనడం తప్పు, నేననను. కానీ నాలా కొలతలు పాత పట్టిక చూసి నిర్ణయించడం ఇంకా పెద్ద తప్పు. మన మోరీలు గంటకు రెండు సెంటీమీటర్ల వానకు సరిపోతాయని ఇంజనీర్లే చెప్తుంటారు. ఐదు పడే గంటలు ఏటా చూస్తున్నాం.

వకీలు: ఈ నూరేళ్ల వరద అనే మాట ముందు తీసేయండి సార్. మా బస్తీలో అందరూ ఏమనుకుంటారంటే, 2020లో వచ్చింది కాబట్టి ఇక 2120 దాకా భయం లేదని.

ఇంజనీరు: నిజమే, ఆ మాట చాలా నష్టం చేసింది. అసలు అర్థం, ఏ ఏడాదైనా నూటికొకటి అవకాశం. ఇల్లు కొని ఇరవై ఏళ్లు లోన్ కడతాం కదా, ఆ ఇరవై ఏళ్లలో కనీసం ఒక్కసారి అలాంటి వరద వచ్చే అవకాశం పద్దెనిమిది శాతం. బ్యాంకువాడు ఆ లెక్క అడగడు. అదీ పాత ఆకాశం లెక్క. ఇప్పటి ఆకాశానికి ఎక్కువే ఉంటుంది.

వకీలు: సరే, లెక్క బాగుందనుకుందాం. ఫలితమేంటి? 2021లో ఎస్‌ఎన్‌డీపీ అని నాలాల అభివృద్ధి పథకం పెట్టారు, అందులో ఈ నాలాకి గోడలు మొదలుపెట్టారు. అశోక్‌నగర్ దగ్గర గోడ లేపితే నీళ్లు ఎక్కడికి పోతాయి? గోల్నాకకి. ముందు ఇక్కడ పొర్లేవి, ఇప్పుడు అక్కడ తొందరగా పొర్లుతాయి. ఒకరి గడపలోంచి ఊడ్చి ఇంకొకరి గడపలో పోయడమేగా?

ఇంజనీరు: ఇప్పుడు మీరు మోడలరులా మాట్లాడుతున్నారు!

వకీలు: తిట్టకండి సార్.

ఇంజనీరు: కాదమ్మా, సరిగ్గా ఈ ప్రశ్నకే మోడల్ కావాలి. గోడ కడితే గోల్నాకలో ఎన్ని అంగుళాలు పెరుగుతుంది? ఇంకా కష్టమైనది టైము సంగతి. హుస్సేన్‌సాగర్ నుంచి వదిలిన నీళ్లు మూసీ దగ్గరకు చేరే గంట ఒకటి. అదే రాత్రి హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ గేట్లు ఎత్తితే ఆ నీళ్లు నగరంలోకి వచ్చే గంట ఇంకొకటి. ఈ రెండూ ఒకే గంట అయ్యాయో, మూసీ నిండుగా ఉంటుంది కాబట్టి నాలా నీళ్లు దాంట్లోకి దిగవు, వెనక్కి తంతాయి. గోడలెంత ఎత్తు కట్టినా మోరీల్లోంచి, మ్యాన్‌హోళ్లలోంచి ఇళ్లలోకి వస్తాయి. 2025 సెప్టెంబర్ చివర్లో జంట జలాశయాల నీళ్లు వదిలితే ఎంజీబీఎస్ బస్టాండులోకి మూసీ వచ్చింది, చూశాం. ఏ గేటు ఏ గంటకు ఎన్ని అడుగులు ఎత్తాలి, హుస్సేన్‌సాగర్‌ను వానకు ముందే ఎంత ఖాళీ చేయాలి అనేది కంటి అంచనాతో తేలదు. ముంబైకి 2020 జూన్‌లో ఐఫ్లోస్ అని వరద హెచ్చరిక వ్యవస్థ పెట్టారు, చెన్నైకి అంతకుముందే పెట్టారు. ఏ వార్డులో ఎంత లోతు నీళ్లు నిలుస్తాయో ముందుగా చెప్పడానికి.

వకీలు: ఖాళీ చేయాలంటే చేయనిస్తారా? చెరువు నిండుగా కనిపించాలి, బోట్లు తిరగాలి, బుద్ధుడి విగ్రహం నీళ్లలో మెరవాలి. మత్తడి కిందున్న మేం మాత్రం వాన రాత్రులు మేలుకోవాలి. మీ మోడల్‌లో టూరిజానికి నెంబరుందా?

(దీనికి ఇంజనీరుగారు జవాబు చెప్పలేదు. ఉంటే చెప్పేవారే.)

వకీలు: పోనీ, నీటి నాణ్యత సంగతి. దానికైతే మోడల్ అక్కర్లేదు, ముక్కు చాలు.

ఇంజనీరు: ముక్కు చాలదు. అసలు ప్రమాదం వాసన లేనిది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థాలు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటకొచ్చే నీళ్లు పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! మందు వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. వాసన చూస్తే తెలుస్తుందా? అప్పట్లో ఆ నీళ్లు నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి చేరేవి. ఇక వేడి. నీళ్లు 20 డిగ్రీల దగ్గర లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి, 30 దగ్గర ఏడున్నరే. అంటే మురుగు ఒక్క చుక్క పెరగకపోయినా, ఎండలు పెరిగితే నది ఊపిరి తగ్గిపోతుంది. ఏ శుద్ధి ప్లాంటు ఎంత సామర్థ్యంతో కట్టాలన్నది ఆ ఎండ లెక్క లేకుండా తేల్చేస్తే, కట్టిన పదేళ్లకే చాలదు.

వకీలు: మన మూసీ మీదే ఒక అధ్యయనం ఉంది కదా? సభలో ఎవరూ దాని ఊసెత్తలేదు.

ఇంజనీరు: ఎన్సింక్, స్కాట్ అనే పరిశోధకుల బృందానిది. నగరం దాటాక నలభై కిలోమీటర్ల పొడవునా నమూనాలు తీశారు. మన పెద్దలు సాగు కోసం అడ్డంగా కట్టిన కత్వలు ఉన్నాయి కదా, వాటి వెనుక నీళ్లు నిలిచి, మడ్డి అడుగుకు దిగి, ఎండ తగిలి, మురికి చాలావరకు తగ్గుతూ పోయిందని తేల్చారు. ఎవరూ శుద్ధి కోసం కట్టలేదు వాటిని, వరి కోసం కట్టారు. ఆ పని మోడల్ పెట్టి కనిపెట్టలేదు, సీసాలు పట్టుకుని గట్టు వెంట తిరిగి కనిపెట్టారు. ఈ పాయింటు మీకిస్తున్నా.

వకీలు: తీసుకున్నా. ఇప్పుడు నా అసలు మాట. 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది, జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్లు, 84 గ్రామాలు. దాని పక్కనే నడిచిన కేసు, కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు. హిమాయత్‌సాగర్ దగ్గర ఒక నూనెల కంపెనీ గొడవ. 1999లో సుప్రీంకోర్టు, జస్టిస్ జగన్నాధరావుగారు రాసిన తీర్పు. సైన్సు తేల్చి చెప్పలేని చోట జాగ్రత్త వైపే మొగ్గాలి, హాని లేదని రుజువు చేయాల్సింది ఉన్నదాన్ని మార్చాలనుకునేవాడే అంది. 2022లో జీవో 69 వచ్చి ఆ పది కిలోమీటర్ల ఆంక్షలు ఎత్తేస్తామంటూ, జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినకూడదని ఒక షరతు పెట్టింది. దెబ్బతినదని ఎవరు చెప్పాలి? ఎలా చెప్పాలి?

ఇంజనీరు: అక్కడ మోడల్ లేకుండా ఎలా? లేఅవుట్ వస్తే ఎంత మురుగు, ఎంత సిమెంటు, ఎన్నేళ్లకు భాస్వరం చేరి నాచు పడుతుందో ముందే చెప్పగలిగేది అదొక్కటే. పాడయ్యాక చెప్పడానికి ముక్కు చాలు, మీరన్నట్టు.

వకీలు: అలాగే. మరి ఆ మోడల్ ఎవరు చేయిస్తారు? లేఅవుట్ వేసేవాడి కన్సల్టెంటే గదా. అక్కడ సందేహం ఉంటే లాభం బిల్డరుకి. ఇక్కడ కిందికి రండి, నాలా పక్కకి. సందేహం ఉంటే నష్టం నా క్లయింటుకి. మ్యాపు మీద గీత పడుతుంది, నీ ఇల్లు వరద ప్రాంతంలో ఉందంటారు. పోయిన నెల ఒక కేసులో అడిగా, ఆ గీతకు వాడిన నేల ఎత్తులు ఎక్కడివని. ఎవరూ సూటిగా చెప్పలేదు. మీరు చెప్పండి.

ఇంజనీరు: చౌకగా చేస్తే ఎక్కువగా వాడేది ఎస్‌ఆర్‌టీఎం. 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ తీసిన ఎత్తుల పటం. ముప్పై మీటర్లకొక గడి. ఎత్తులో కొన్ని మీటర్ల తేడా రావచ్చు.

వకీలు: ముప్పై ఇంటూ ముప్పై, తొమ్మిది వందల చదరపు మీటర్లు. మన లెక్కలో వెయ్యి డెబ్బై గజాలకు పైన. సార్, నా క్లయింట్లవి యాభై గజాల ఇళ్లు! ఒక్క గడిలో ఇరవై ఇళ్లు, గల్లీ, నాలా, గుడి అన్నీ పట్టేస్తాయి. అన్నిటికీ ఒకటే ఎత్తు. పైగా మీటర్లలో తప్పు. దాని మీద గీసిన గీతతో ఏ ఇల్లు ఉండాలో, ఏది పోవాలో తేలుస్తారా?

ఇంజనీరు: దాంతో తేల్చకూడదు. క్యాచ్‌మెంటు మొత్తం ఎలా పారుతుందో చూడటానికి అది పనికొస్తుంది, ఇల్లు ఇల్లుగా చెప్పడానికి పనికిరాదు. దానికి లేజర్‌తో ఎత్తులు కొలిచే లైడార్ కావాలి, డ్రోన్ సర్వే కావాలి, లేదంటే లెవెల్ పరికరం పట్టుకుని గల్లీ గల్లీ తిరగాలి. మంచి మోడల్ ఒక గీత గీయదమ్మా, ఒక పట్టీ గీస్తుంది. ఈ అంచు దాకా ఖాయం, ఈ అంచు దాటితే భయం లేదు, మధ్యలోది చెప్పలేం అంటుంది. ఆ పట్టీని గీతగా సన్నం చేసేది ఆఫీసు. నోటీసులో పట్టీ పట్టదు కాబట్టి.

వకీలు: మరి ఆ మాట మీరు ఇందాక మైకులో ఎందుకు చెప్పలేదు? లోపల అందరూ రంగు రంగుల మ్యాపులు చూసి చప్పట్లు కొట్టారు.

ఇంజనీరు: నన్ను అడిగింది వాన గురించి.

వకీలు: ఇదే నా గొడవ. మోడల్ తప్పని నేననట్లేదు. అది కింద ఉన్నవాడి ఇంటిని చూపించినంత గట్టిగా పైన ఉన్నవాడి సిమెంటుని చూపించట్లేదు. 240 చదరపు కిలోమీటర్ల నుంచి నీళ్లొస్తే శిక్ష నాలా పక్క యాభై గజాలకేనా? కూకట్‌పల్లి, బంజారాహిల్స్ వైపు నుంచి ఏ లేఅవుట్ ఎన్ని లీటర్లు పంపిందో మీ లెక్క చెప్పగలదా, లేదా?

ఇంజనీరు: చెప్పగలదు. చదరపు కిలోమీటరు మీద ఒక్క సెంటీమీటరు వాన అంటే కోటి లీటర్లు. గంటకు ఐదు పడితే ఐదు కోట్లు. పొలంగా ఉన్నప్పుడు అందులో మూడోవంతు పారేదనుకోండి, సిమెంటయ్యాక పదింట తొమ్మిది వంతులు. తేడా దాదాపు మూడు కోట్ల లీటర్లు, ఒక్క చదరపు కిలోమీటరుకి, ఒక్క గంటకి. క్యాచ్‌మెంటును ముక్కలు చేసి ఏ ముక్క నుంచి ఎంత వచ్చిందో పట్టిక వేయడం మోడల్‌కి అన్నిటికన్నా తేలికైన పని.

వకీలు: తేలికైన పనే అయితే ఆ పట్టిక ఇంతవరకు ఏ వార్డు ఆఫీసు గోడ మీదా నేను చూడలేదే?

ఇంజనీరుగారు చెప్పులేసుకుంటూ, అడిగినవాళ్లు లేరు కాబట్టి అన్నారు. వకీలమ్మ, మేం కోర్టులో అడుగుతూనే ఉన్నాం అన్నారు. ఆటో వచ్చింది.

ఇక నా మాట. మోడల్ అవసరమా అన్న వాదనలో ఇంజనీరు గెలిచారు, విశ్వేశ్వరయ్య 788 చెరువుల పట్టికతోనే గెలిచారు. కానీ వకీలు లేవనెత్తిన ప్రశ్న వేరు, దాని మీద ఆమెదే గెలుపు. ఇల్లు తీసేయమని చెప్పే గీతకు వెనుక ఉన్న ఎత్తులు, వానలు, సరిచేసిన తీరు, తప్పు ఎంతన్నదీ బయట పెట్టనంతకాలం ఆ గీతకు నోటీసులో చోటుండకూడదు. పై ప్రాంతాల వాటా చూపించని మ్యాపుకి విలువ ఇవ్వకూడదు. ఇంగ్లండులో మనిషి తన పోస్ట్‌కోడు కొట్టి తన వీధికి వరద ముప్పు ఎంతో ఇంట్లో కూర్చుని చూసుకుంటాడు. ఇక్కడ అదే సమాచారం కూల్చివేత నోటీసుతో పాటు మొదటిసారి చేరుతోంది.

అశోక్‌నగర్, దోమల్‌గూడ, గోల్నాక వాళ్లకీ, ఆ చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండి గ్రూప్స్ పరీక్షలకి చదువుతున్న పిల్లలకీ ఒక విన్నపం. జనం మీద ప్రభావం చూపే ముఖ్య నిర్ణయాలు తీసుకునేటప్పుడు వాటికి సంబంధించిన వివరాలన్నీ తనంతట తానే ప్రకటించాలని సమాచార హక్కు చట్టం, 2005, సెక్షన్ 4 ప్రభుత్వానికి చెప్తోంది. ప్రకటించకపోతే అడగండి. మీ వార్డు వరద మ్యాపు, దానికి వాడిన నేల ఎత్తుల వివరం, క్యాచ్‌మెంటులో ఏ భాగం నుంచి ఎంత నీరు వస్తుందన్న పట్టిక, ఈ మూడూ తెలుగులోనూ ఉర్దూలోనూ కావాలని రాయండి. దరఖాస్తు ఫీజు పది రూపాయలు.